మెయిలా, వెబ్‌సైటా, ఫ్రేమ్‌వర్కా? మెయిల్ సాఫ్ట్‌వేర్ చీటీపై రాసే ఆ ఒక్క మాట ఎందుకు ముఖ్యం?

మీ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి జీమెయిల్ పేజీ చూడండి. ‘కమ్యూనికేషన్’ విభాగంలో ఉంటుంది. పక్కవారి ఐఫోన్ తీసుకుని యాపిల్ యాప్ స్టోర్‌లో అదే జీమెయిల్‌ను వెతకండి. ‘ప్రొడక్టివిటీ’ కింద కనిపిస్తుంది. యాప్ ఒకటే, చేసే పనీ ఒకటే. అర మాత్రం వేరు.

ఫోన్ వాడేవాళ్లకు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. పేరు కొడితే దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేసుకుంటాం, మరిచిపోతాం. కానీ యూనివర్సిటీలు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు తమ సర్వర్లలో పెట్టుకునే ఓపెన్ సోర్స్ మెయిల్ సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే ఇదే ప్రశ్న బరువెక్కుతుంది. దాన్ని ఏ వర్గంలో చేర్చాలి? ఆ వర్గం పేరు ఎవరికి ఏం చెబుతుంది? రేపు అందులో భద్రతా లోపం బయటపడితే, సరిచేయాల్సింది ఎవరో ఆ చీటీ చూసి తెలుస్తుందా?

ఈ ప్రశ్నలకు రౌండ్‌క్యూబ్ అనే సాఫ్ట్‌వేర్ మంచి ఉదాహరణ. బ్రౌజర్‌లో ఆఫీసు మెయిలో, కాలేజీ మెయిలో తెరిచేవాళ్లలో చాలామంది పేరు కూడా తెలియకుండానే దాన్ని వాడుతుంటారు.

క్లుప్తంగా:

• ఒకే మెయిల్ సాఫ్ట్‌వేర్‌ను వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేర్వేరు వర్గాల్లో పెడతాయి. వెతుక్కోవడానికి తప్ప ఆ వర్గం మరి దేనికీ పెద్దగా పనికిరాదు.

• చీటీపైనే ఉన్నా మనం అంతగా పట్టించుకోని వివరాలు మరో రెండున్నాయి. అది ఎవరి బాధ్యతలో ఉంది, లోపల ఏ భాగాలున్నాయి అన్నవి. భద్రతను తేల్చేవి అవే.

• 2023లో యూరప్ ప్రభుత్వ సంస్థల మెయిళ్లపై జరిగిన దాడిలో లోపం బయటికి కనిపించే స్క్రీన్‌లో లేదు. లోపలి ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది.

ఏమిటీ రౌండ్‌క్యూబ్?

స్విట్జర్లాండ్‌కు చెందిన థామస్ బ్రూడెర్లి 2005లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ వెబ్‌మెయిల్ ఇది. పీహెచ్‌పీ భాషలో రాశారు. 1.0 వెర్షన్ 2014లో వచ్చింది. 2023 నవంబరులో ఈ ప్రాజెక్టు నెక్స్ట్‌క్లౌడ్ గొడుగు కిందికి చేరింది. చిన్న సంస్థలు వెబ్‌సైట్ కోసం హోస్టింగ్ కొనుక్కున్నప్పుడు తరచూ కనిపించే సీప్యానెల్‌లో మెయిల్ చూసుకునే తెర కూడా రౌండ్‌క్యూబే.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మీ ఉత్తరాలను రౌండ్‌క్యూబ్ దాచిపెట్టదు. అవి వేరే మెయిల్ సర్వర్‌లో ఉంటాయి. రౌండ్‌క్యూబ్ ఆ సర్వర్‌తో ఐమాప్ అనే పద్ధతిలో మాట్లాడి ఉత్తరాలను తెచ్చి బ్రౌజర్‌లో చూపిస్తుంది. మీరు జవాబు రాస్తే ఎస్ఎంటీపీ అనే దారిలో పంపిస్తుంది. అంటే ఇది పోస్టాఫీసు కాదు, పోస్టాఫీసు కౌంటర్ లాంటిది.

మరి కౌంటర్‌ను ‘తపాలా’ అనాలా, ‘కిటికీ’ అనాలా? గొడవ అక్కడే మొదలవుతుంది.

ప్యాకేజింగ్ అంటే?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు కోడ్‌ను అందరికీ అందుబాటులో పెడతారు. అది బస్తాలో ఉన్న కందిపప్పు లాంటిది. కిరాణా కొట్టులో దాన్ని ఏరి, తూచి, పొట్లం కట్టి, పైన చీటీ అంటిస్తేనే ఇంటికి తీసుకెళ్లడానికి వీలవుతుంది. లినక్స్ ప్రపంచంలో ఆ పని డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటి డిస్ట్రిబ్యూషన్లు చేస్తాయి. పొట్లం కట్టే మనిషి ప్యాకేజర్.

చీటీపై ఏముంటాయి? పేరు, వెర్షన్, ఇది పనిచేయాలంటే ఇంకా ఏవేం కావాలి, దీన్ని చూసుకునేది ఎవరు, ఏ వర్గానికి చెందింది. మొదటి నాలుగింటిలో వాదనకు తావు తక్కువ. ఐదోది మాత్రం అభిప్రాయం. అందుకే వాదన ఎక్కువగా దాని మీదే సాగుతుంది.

ఇది మనకు దూరపు వ్యవహారమేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన భారతీయ ఆపరేటింగ్ సిస్టమ్ ‘బాస్ లినక్స్’కు పునాది డెబియనే. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఎక్కడో ఒక వాలంటీర్ రాసిన చీటీ, ఇక్కడ మన ఊరి కార్యాలయంలోని సర్వర్ దాకా వస్తుంది.

ఒక్క సాఫ్ట్‌వేర్, మూడు అరలు

డెబియన్ నిబంధనల్లో దాదాపు 60 వర్గాలున్నాయి. వాటిని ‘సెక్షన్లు’ అంటారు. ‘మెయిల్’కు ఒక సెక్షన్, ‘వెబ్’కు ఒకటి, ‘నెట్’కు ఒకటి, పీహెచ్‌పీ భాషకు ఒకటి, లైబ్రరీలకు ఒకటి. ఒక ప్యాకేజీ ఒక్క సెక్షన్‌లోనే ఉండాలి. ప్యాకేజర్ తనకు తోచింది రాస్తారు. చివరి మాట ఆర్కైవ్‌ను నిర్వహించే బృందానిది. వాళ్ల జాబితాలో ఏముంటే అదే చెల్లుతుంది.

రౌండ్‌క్యూబ్‌ను డెబియన్ ‘వెబ్’ సెక్షన్‌లో పెట్టింది. మెయిల్ చదివే థండర్‌బర్డ్, మెయిల్‌ను గమ్యానికి చేర్చే పోస్ట్‌ఫిక్స్ మాత్రం ‘మెయిల్’లో ఉన్నాయి.

ఫ్రీబీఎస్‌డీకి వెళితే రౌండ్‌క్యూబ్ ‘మెయిల్’ డైరెక్టరీలో కనిపిస్తుంది. అక్కడ ఒక ప్యాకేజీకి ఒకటికన్నా ఎక్కువ వర్గాలు ఇవ్వొచ్చు. అయితే మొదట రాసిన వర్గమే దాని అసలు చిరునామా. జెంటూ ఇంకాస్త లోతుకు వెళ్లింది. మెయిల్‌నే ముక్కలు చేసి, చదివేవి ఒకచోట, చేరవేసేవి ఒకచోట, వడపోసేవి ఒకచోట పెట్టింది. అక్కడ రౌండ్‌క్యూబ్ ‘మెయిల్ క్లయింట్’.

ఫెడోరా అయితే ఈ తగువే వద్దనుకుంది. ఒకప్పుడు ప్రతి ప్యాకేజీ చీటీపైనా ‘గ్రూప్’ అనే గడి ఉండేది. ఇప్పుడు అది రాయొద్దని ఫెడోరా మార్గదర్శకాలే చెబుతున్నాయి.

డెస్క్‌టాప్ మెనూల కోసం అందరూ పాటించే ప్రమాణానికీ ఈ తడబాటు తప్పలేదు. అందులో ‘ఈమెయిల్’ అనేది సొంతంగా నిలబడే పెద్ద వర్గం కాదు. ‘ఆఫీస్’కైనా, ‘నెట్‌వర్క్’కైనా అనుబంధంగా చేర్చుకోవచ్చని ఆ ప్రమాణం వదిలేసింది.

వీళ్లలో తప్పు చేసిందెవరు? ఎవరూ కాదు. డెబియన్ అడిగిన ప్రశ్న ‘ఇది ఎలా నడుస్తుంది?’ వెబ్ సర్వర్ మీద నడుస్తుంది, కాబట్టి వెబ్. ఫ్రీబీఎస్‌డీ అడిగింది ‘ఇది దేనికోసం?’ మెయిల్ కోసం, కాబట్టి మెయిల్. ప్రశ్న మారితే జవాబు మారింది, అంతే.

ఫ్రేమ్‌వర్క్ వస్తే చిక్కు ముదురుతుంది

ఇంతవరకు మాట్లాడింది పూర్తి అప్లికేషన్ గురించి. రౌండ్‌క్యూబ్ లోపల మరొకటుంది. దాని పేరు ‘రౌండ్‌క్యూబ్ ఫ్రేమ్‌వర్క్’. మెయిల్ సర్వర్‌తో మాట్లాడటం, ఉత్తరాన్ని విడదీసి అటాచ్‌మెంట్లు వేరు చేయడం, కొత్త ఉత్తరాన్ని కూర్చి పంపడం, వచ్చిన ఉత్తరంలోని హానికరమైన కోడ్‌ను కడిగేయడం, ఇవన్నీ చేసేది అదే. కావాలంటే దాన్ని విడిగా తీసుకుని ఇంకో మెయిల్ అప్లికేషన్ కట్టుకోవచ్చు. ప్రాజెక్టు వాళ్లే దాన్ని విడి మూటగా కూడా విడుదల చేస్తూ వచ్చారు. కోలాబ్ అనే మరో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు తన క్యాలెండర్, కాంటాక్టుల సర్వర్‌ను ఈ ఫ్రేమ్‌వర్క్ ఆధారంగానే కట్టింది.

లైబ్రరీ, ఫ్రేమ్‌వర్క్, అప్లికేషన్. ఈ మూడింటి తేడా తెలియాలంటే పెళ్లి భోజనం గుర్తుచేసుకుంటే చాలు.

అద్దెకు తెచ్చుకున్న గ్రైండర్ లైబ్రరీ. ఎప్పుడు వాడాలో, ఎంతసేపు వాడాలో మీ ఇష్టం. కల్యాణ మండపంలోని వంటశాల ఫ్రేమ్‌వర్క్. పొయ్యిలు ఎక్కడ, నీళ్లు ఎక్కడ, వడ్డనకు ఏ దారిన వెళ్లాలి అన్నవి ముందే ఖరారై ఉంటాయి. మీ వంటవాళ్లు వచ్చి ఆ ఏర్పాటులోనే ఇమిడి వండాలి. విస్తట్లోకి వచ్చిన భోజనం అప్లికేషన్.

అతిథికి కనిపించేది విస్తరే. కానీ వంటశాల నీళ్ల ట్యాంకులో చెడు కలిస్తే ఆ పూట పప్పు, సాంబారు, పాయసం అన్నీ చెడిపోతాయి. మండపానికి ఆ వారంలో మూడు పెళ్లిళ్లుంటే మూడూ చెడిపోతాయి.

మరి ఇలాంటి మెయిల్ ఫ్రేమ్‌వర్క్‌ను విడిగా ప్యాకేజీ చేస్తే ఏ అరలో పెట్టాలి? ‘మెయిల్’లో పెడితే, మెయిల్ చదువుకోవడానికి యాప్ కోసం వచ్చినవాళ్లు దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, తెరవడానికి ఏమీ లేక తల పట్టుకుంటారు. ‘వెబ్’లో పెడితే అది వెబ్ సర్వరూ కాదు, వెబ్‌సైటూ కాదు. ‘లైబ్రరీలు’ అనే అర డెబియన్‌లో ఎక్కువగా సీ వంటి భాషల్లో కంపైల్ చేసిన లైబ్రరీలకు వాడుకలో ఉంది. ఇక మిగిలింది భాష పేరుతో ఉన్న అర, అంటే ‘పీహెచ్‌పీ’. దాన్ని వెతుక్కుంటూ వచ్చేది ఎవరో ఆలోచిస్తే ఇదే సబబు. ఫ్రేమ్‌వర్క్ కావాల్సింది ప్రోగ్రామర్‌కు. ప్రోగ్రామర్ భాష అర దగ్గరికే వెళతాడు.

గతంలో ప్రసిద్ధమైన మరో వెబ్‌మెయిల్ హోర్డీది కూడా ఇదే కథ. హోర్డీ ఒక అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్. దానిపై మెయిల్ కోసం ఇంప్, క్యాలెండర్ కోసం క్రోనోలిత్ వంటివి నడుస్తాయి. ఫ్రీబీఎస్‌డీలో హోర్డీ పునాదిని వెబ్ వర్గంలో, ఇంప్‌ను మెయిల్ వర్గంలో విడివిడిగా పెట్టారు. పునాది వేరు, పైన కట్టిన గది వేరు అని గుర్తించి చీటీలు వేరుగా రాశారు.

2023 అక్టోబరులో ఏం జరిగింది?

ఇదంతా లైబ్రేరియన్ల ముచ్చట అనిపించవచ్చు. రెండేళ్ల తేడాతో జరిగిన రెండు ఘటనలు చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది.

2023 అక్టోబరులో స్లొవేకియా భద్రతా సంస్థ ఈసెట్ ఒక దాడిని గుర్తించింది. ‘వింటర్ వివెర్న్’ అని పిలిచే హ్యాకర్ల బృందం యూరప్‌లోని ప్రభుత్వ సంస్థలకు, ఒక మేధో సంస్థకు ఉత్తరాలు పంపింది. వాళ్లు వాడుతున్నది రౌండ్‌క్యూబ్. లింకు నొక్కక్కర్లేదు, అటాచ్‌మెంట్ తెరవక్కర్లేదు. ఉత్తరాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. అందులో బొమ్మ రూపంలో దాచిన కోడ్ నడిచి, ఆ ఖాతాలోని ఉత్తరాలను చదివి బయటికి పంపేయగలదు.

ఈసెట్ 12వ తేదీన రౌండ్‌క్యూబ్ బృందానికి చెప్పింది. 16వ తేదీకల్లా సరిచేసిన వెర్షన్లు విడుదలయ్యాయి. వాలంటీర్ల ప్రాజెక్టుకు అది మెచ్చుకోదగ్గ వేగం. ఆ లోపానికి సీవీఈ-2023-5631 అని సంఖ్య ఇచ్చారు.

లోపం ఎక్కడుంది? లాగిన్ పేజీలో కాదు, ఇన్‌బాక్స్ తెరలో కాదు. ఉత్తరంలోని హానికర కోడ్‌ను కడిగే భాగంలో ఉంది. ఆ భాగం రౌండ్‌క్యూబ్ ఫ్రేమ్‌వర్క్‌లోనిది. మన పోలికలో చెప్పాలంటే, చెడు విస్తట్లో కాదు, ట్యాంకులో ఉంది.

ఇప్పుడు ఒక ఐటీ ఇన్‌చార్జిని ఊహించుకోండి. ‘రౌండ్‌క్యూబ్‌లో లోపం’ అని హెచ్చరిక వచ్చింది. ఆయన తన సర్వర్ల జాబితాలో ‘రౌండ్‌క్యూబ్’ అని వెతికారు. దొరికినవన్నీ అప్‌డేట్ చేశారు. పని అయిపోయింది అనుకున్నారు. కానీ ఎవరో పాతికమందికి అవసరమైన చిన్న మెయిల్ అప్లికేషన్‌ను ఇదే ఫ్రేమ్‌వర్క్ నకలు తీసుకుని కట్టి, దానికి వేరే పేరు పెట్టి ఉంటే? జాబితాలో ఆ ఫ్రేమ్‌వర్క్ పేరే లేకపోతే? ఆ లోపం అక్కడ అలాగే ఉండిపోతుంది. ఎవరికీ తెలియదు, దాడి చేసేవాడికి తప్ప.

డెబియన్ నిబంధనలు నకళ్లను ఇష్టపడకపోవడానికి కారణం ఇదే. ఒక లైబ్రరీని పది ప్యాకేజీలు వాడుతుంటే, ప్రతిదాంట్లో ఒక నకలు పెట్టకుండా దాన్ని విడి ప్యాకేజీగా ఉంచి, పదీ దాని మీద ఆధారపడేలా చేయాలంటాయి. ఒకచోట సరిచేస్తే పదిచోట్లా సరవుతుంది. డెబియన్ రౌండ్‌క్యూబ్‌లో ఈ పని సగం వరకు జరిగింది. ఉత్తరాన్ని కూర్చే పీహెచ్‌పీ లైబ్రరీ, పంపే లైబ్రరీ వంటివి విడి ప్యాకేజీలుగా ఉన్నాయి. ఫ్రేమ్‌వర్క్ మాత్రం రౌండ్‌క్యూబ్ ప్రధాన ప్యాకేజీ లోపలే ఉంది.

2025లో మళ్లీ

2025 జూన్ 1న రౌండ్‌క్యూబ్ 1.6.11, 1.5.10 వెర్షన్లు వచ్చాయి. ఈసారి లోపం తీవ్రత 10కి 9.9. సంఖ్య సీవీఈ-2025-49113. లాగిన్ అయిన మామూలు యూజర్ ఎవరైనా ఏకంగా సర్వర్‌లోనే తన కోడ్ నడపగలిగే లోపం అది. పదేళ్లకు పైగా ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. ‘లాగిన్ కావాలి కదా’ అని ధీమా పడటానికి లేదు. వేలమంది విద్యార్థులున్న చోట ఒక్కరి పాస్‌వర్డ్ బయటపడినా చాలు.

ఈసారి తప్పు అప్లికేషన్ పొరలో ఉంది. సెట్టింగుల్లో ఫైల్ అప్‌లోడ్ చేసేచోట. రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ‘రౌండ్‌క్యూబ్’ అనే ఒక్క పేరు, ‘వెబ్’ అనే ఒక్క వర్గం ఎంత తక్కువ చెబుతున్నాయో అర్థమవుతుంది. ఒకసారి పైపొర, ఒకసారి పునాది. చీటీపై ఆ రెండూ కనిపిస్తేనే ఏది ఎక్కడెక్కడ ఉందో వెతకగలం.

వర్గం వేరు, బాధ్యత వేరు

మెయిలా వెబ్బా అన్న వాదనలో కొట్టుకుపోతే అసలు చూడాల్సిన గడి మరుగున పడుతుంది.

డెబియన్‌లో సెక్షన్ కాకుండా ‘ఏరియా’ అని ఇంకొకటి ఉంటుంది. మెయిన్, కాంట్రిబ్, నాన్-ఫ్రీ, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని నాలుగు. డెబియన్ భద్రతా బృందం బాధ్యత తీసుకునేది మెయిన్‌కే. కాంట్రిబ్, నాన్-ఫ్రీలలోని సాఫ్ట్‌వేర్‌కు తమ మద్దతు ఉండదని వాళ్లే చెబుతారు. రౌండ్‌క్యూబ్ మెయిన్‌లో ఉంది కాబట్టి, అది ‘వెబ్’ అయినా ‘మెయిల్’ అయినా ప్యాచ్ వస్తుంది.

ఉబుంటులో ఇదే సంగతి ఇంకొంచెం మెలిక తిరిగింది. అక్కడ ‘మెయిన్’, ‘యూనివర్స్’ అని విభాగాలున్నాయి. దీర్ఘకాలిక వెర్షన్లలో మెయిన్‌లోని ప్యాకేజీలకు కెనానికల్ కంపెనీ ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తుంది. యూనివర్స్‌లోని వాటిని చూసుకునేది ప్రధానంగా వాలంటీర్లు. వాటికీ కంపెనీ హామీ కావాలంటే ‘ఉబుంటు ప్రో’ తీసుకోవాలి. వ్యక్తిగత వాడకానికి ఐదు కంప్యూటర్ల వరకు ఉచితం, సంస్థలకు రుసుము. రౌండ్‌క్యూబ్ ఉన్నది యూనివర్స్‌లో.

అంటే ‘ఉబుంటు పెట్టుకున్నాం, అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి’ అని ఒక కార్యాలయం అనుకుంటే, ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో అది నిజం. దాని మీద నడిచే వెబ్‌మెయిల్ విషయంలో ఆ మాట అంత ఖాయం కాదు. ఇక ప్రాజెక్టు సైట్ నుంచి మూట దించుకుని నేరుగా సర్వర్‌లో పెట్టేసినవాళ్లకు ఏ డిస్ట్రిబ్యూషన్ భద్రతా బృందమూ అండగా ఉండదు. పెట్టిన మనిషే అన్నీ చూసుకోవాలి. ఆయన ఉద్యోగం మారితే చూసేవాళ్లే ఉండరు.

రంగనాథన్ చూపిన దారి

ఒక వస్తువును ఒక్క అరలోనే పెట్టాలన్న నియమంతో వచ్చే ఈ ఇబ్బంది కంప్యూటర్ల కన్నా పాతది. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్‌కు ఇదే ఎదురైంది. ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. భారతదేశంలో ఫలానా శతాబ్దంలో వరి తెగుళ్ల నివారణ అనే పుస్తకం వ్యవసాయమా, వృక్షశాస్త్రమా, చరిత్రా?

ఆయన చెప్పిన పరిష్కారం: ఒక్క పేరు పెట్టొద్దు, కోణాలుగా విడదీయండి. ఏ విషయం, ఏ పదార్థం, ఏ చర్య, ఏ చోటు, ఏ కాలం అని విడివిడిగా రాసి కలపండి. 1933లో ప్రచురించిన ఆయన కోలన్ వర్గీకరణ పద్ధతి ఇదే.

డెబియన్‌కు చెందిన ఎన్రికో జీనీ రూపొందించిన ‘డెబ్‌ట్యాగ్స్’ ఈ రంగనాథన్ ఆలోచననే తీసుకుంది. అందులో ఒక ప్యాకేజీకి ఒక్క సెక్షన్‌తో సరిపెట్టరు. ఇది చేసే పాత్ర ఏమిటి (ప్రోగ్రామా, లైబ్రరీనా), దేంతో పనిచేస్తుంది (మెయిల్), ఎలా కనిపిస్తుంది (వెబ్), ఏ పద్ధతిలో మాట్లాడుతుంది (ఐమాప్), ఏ భాషలో రాశారు (పీహెచ్‌పీ) అని వేర్వేరు ట్యాగులుంటాయి. ‘మెయిలా వెబ్బా’ అన్న ప్రశ్నకు అక్కడ జవాబు ‘రెండూ’. తమిళనాడు షియాళిలో పుట్టిన లైబ్రేరియన్ ఆలోచన ఇటలీ ప్రోగ్రామర్ చేతిలో పడి లినక్స్ సర్వర్లకు చేరింది.

మన దేశంలో ఇప్పుడు ఈ చర్చ ఎందుకు?

సైబర్ ఘటనలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ‘సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్’పై సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. 2025 జులైలో వాటిని విస్తరించింది. క్లుప్తంగా దీన్ని ఎస్‌బామ్ అంటారు. బిస్కెట్ ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా రాసినట్టు, సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగాలు, ఏ వెర్షన్లు, ఎవరు సరఫరా చేశారు, ఏ లైసెన్సు, ఒకటి దేని మీద ఆధారపడింది అని రాసిన జాబితా. ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థలు, అత్యవసర సేవలు అందించేవాళ్లు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు దీన్ని అడగాలన్నది ఉద్దేశం.

ఈ జాబితా రాసేటప్పుడు మన పాత ప్రశ్న కొత్త వేషంలో వస్తుంది. బాగా వాడుకలో ఉన్న రెండు ఎస్‌బామ్ పద్ధతులు సైక్లోన్‌డీఎక్స్, ఎస్‌పీడీఎక్స్. రెండింటిలోనూ ప్రతి భాగానికీ ‘అప్లికేషన్’, ‘ఫ్రేమ్‌వర్క్’, ‘లైబ్రరీ’ వంటి రకం రాయడానికి గడి ఉంది. ఫ్రేమ్‌వర్క్ లక్షణాలు స్పష్టంగా ఉంటే అలా రాయమని, తేల్చుకోలేకపోతే లైబ్రరీ అనమని సైక్లోన్‌డీఎక్స్ సలహా ఇస్తుంది. రౌండ్‌క్యూబ్ ఫ్రేమ్‌వర్క్‌కు ఆ సందిగ్ధం సహజంగానే ఉంది. పేరేమో ఫ్రేమ్‌వర్క్. తన పరిచయ పత్రంలో మాత్రం వెబ్‌మెయిల్‌కు ప్రాథమిక లైబ్రరీని అని చెప్పుకుంటుంది.

ఈ రెంటిలో ఏది రాసినా కొంప మునగదు. అసలు రాయకపోతేనే ప్రమాదం. జాబితాలో ‘రౌండ్‌క్యూబ్, అప్లికేషన్’ అని ఒక్క వరుసతో ఆపేస్తే, దాని కింద ఉన్న పునాది కనబడకుండా పోతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్ సంగతి వేరు. సుమారు 12 లక్షల ఖాతాలు జోహో వేదికకు మారాయని 2025లో వార్తలొచ్చాయి. అది ఒక కంపెనీ ఒప్పందం కింద నడిచే సేవ. కానీ ఓపెన్ సోర్స్ అయినా కంపెనీది అయినా, లోపల ఏముందని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంటుంది. ఓపెన్ సోర్స్‌లో అదనపు సౌకర్యం ఏమిటంటే, చెప్పింది నిజమో కాదో కోడ్ తెరిచి చూసుకోవచ్చు.

మరి ఏ అరలో పెట్టాలి?

ఇంతసేపూ చూసినదాన్ని బట్టి ఒక పద్ధతి తేలుతుంది.

మొదట, వెతుక్కుంటూ వచ్చేది ఎవరో చూడాలి. నేరుగా వాడుకునే అప్లికేషన్ అయితే ‘మెయిల్’ లేదా ‘వెబ్’. ఏది పెట్టినా ఫరవాలేదు, తోటి ప్యాకేజీలు ఎక్కడున్నాయో అక్కడే పెడితే చాలు. ప్రోగ్రామర్ దాని మీద ఇంకేదో కట్టుకునే ఫ్రేమ్‌వర్క్ అయితే, ఆ భాష పేరుతో ఉన్న అర.

రెండోది, ఇద్దరికీ పనికొచ్చేది అయితే రెండు ప్యాకేజీలుగా విడదీయాలి. ఒకటి రెండోదాని మీద ఆధారపడినట్టు చీటీలో రాయాలి. ప్యాకేజర్‌కు కొంత పని పెరుగుతుంది. లోపం వచ్చిన రోజున ఆ శ్రమకు ఫలితం దక్కుతుంది.

మూడోది, వర్గం ఒక్కటే రాసి ఊరుకోకుండా పాత్ర, భాష, పద్ధతి వంటి ట్యాగులు కూడా రాయాలి. చివరిగా, చూసుకునే వారి పేరు ఖాళీగా ఉంచకూడదు. ఎవరూ చూసుకోని ప్యాకేజీ ఎంత సరైన అరలో ఉన్నా దుమ్ము పట్టిన పుస్తకమే.

మీరేం చేయొచ్చు?

మామూలు యూజర్‌గా మీకు ప్యాకేజీ చీటీ కనిపించదు. అయినా కొన్ని పనులు మీ చేతిలో ఉన్నాయి. బ్రౌజర్‌లో తెరిచే కాలేజీ మెయిల్, ఆఫీసు మెయిల్‌కు బ్యాంకుకు వాడే పాస్‌వర్డ్ పెట్టొద్దు. రెండంచెల లాగిన్ సౌకర్యం ఉంటే వాడండి. పని అయ్యాక లాగౌట్ అవ్వండి. రౌండ్‌క్యూబ్ అయితే ‘అబౌట్’ అనే మెనూలో వెర్షన్ కనిపించవచ్చు. అది 1.6.11 కన్నా పాతదైతే, లేదా 1.5 వరుసలో 1.5.10 కన్నా పాతదైతే, మీ ఐటీ విభాగానికి ఒక ఉత్తరం రాయండి. డిస్ట్రిబ్యూషన్లు ఒక్కోసారి పాత సంఖ్య మార్చకుండానే ప్యాచ్ వేస్తాయి. కాబట్టి ఆరోపణగా కాకుండా ప్రశ్నగా అడగండి.

సర్వర్లు చూసుకునేవారైతే నాలుగు ప్రశ్నలకు జవాబు రాసి పెట్టుకోండి. మన వెబ్‌మెయిల్ ప్యాకేజీ ద్వారా వచ్చిందా, నేరుగా దించిందా? డెబియన్, ఉబుంటు అయితే ఏ ఏరియా, ఏ విభాగం? దాని ఫ్రేమ్‌వర్క్ నకళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయా? లోపం బయటపడితే ఆ రోజు ప్యాచ్ వేసే మనిషి ఎవరు? డెబియన్‌లో ఏ ప్యాకేజీలకు భద్రతా మద్దతు పరిమితమో, ఏవాటికి ఆగిపోయిందో చెప్పే పరికరం కూడా ఉంది. దాన్ని ఒకసారి నడిపి చూడండి. ఘటన జరిగితే తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలన్న నిబంధన 2022 నుంచి ఉంది. ఆ ఆరు గంటలు ‘మన దగ్గర ఏముంది’ అని వెతకడంలోనే గడిచిపోకూడదు.

జీమెయిల్ ‘కమ్యూనికేషన్’లో ఉన్నా ‘ప్రొడక్టివిటీ’లో ఉన్నా మనకు అందుతుంది, ఎందుకంటే వెనక ఒక కంపెనీ ఉంది. ఓపెన్ సోర్స్‌లో ఆ కంపెనీ స్థానంలో చీటీ ఉంటుంది. దాని మీద ఎవరి పేరుందో, లోపల ఏముందని రాశారో చదవడం ఇకమీదట సంస్థల పనుల్లో ఒకటి. అర సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.